ఈగల కోసం కట్టిన మేడ

మన పెద్దలు తేనెను ఒక్క పేరుతో పిలిచి ఊరుకోలేదు. జుంటితేనె వేరు, పెరతేనె వేరు, పుట్టతేనె వేరు. కొమ్మనో కొండచరియనో పట్టు కనబడితే పొగపెట్టి తేనె తీసుకోవడం మనవైపు అలవాటు. అయితే తేనెటీగల కోసం ఊరంతా కలిసి మేడ కట్టిన చోటు ఒకటున్నదంటే వింతగా లేదూ?

ఆ చోటు మొరాకో దేశంలో, అట్లాస్ పర్వతాల దాపున ఉన్న ఇంజర్కి గ్రామం. అక్కడ కొండవాలున కొయ్యతో, మట్టితో ఐదంతస్తులుగా అరలు కట్టారు. ఇది చాలా పాతకాలం నాటిదని చెబుతారు. ప్రపంచంలోని ఉమ్మడి తేనెశాలలన్నిటిలో పాతదీ పెద్దదీ ఇదేనని ఆ ఊరివారి గర్వం.

ఆ అరలలో మనం చూసే కొయ్యపెట్టెలు ఉండవు. రెల్లును గొట్టంలాగా అల్లి, మట్టీ పేడా కలిపి మెత్తిన గూళ్లుంటాయి. మన పల్లెల్లో గాదె అల్లి అలికినట్లేనన్నమాట! మట్టిపూత ఎండ వేడిని లోపలికి రానివ్వదు. ముందువైపు సన్నని కంతలోంచి ఈగలు వచ్చిపోతుంటాయి. వెనుక మూత తీసి, కాస్త పొగ వేసి, యజమాని పట్టు కోసుకుంటాడు. చుట్టుపక్కల అడవి తులసివంటి సువాసన మొక్కలూ, ఆర్గన్ చెట్లూ పూస్తే ఆ ఏడు పండుగే.

కాని 2022లో ఆ మేడ మూగబోయింది. నలభై ఏళ్లలో ఎరుగని అనావృష్టి వచ్చింది. వాన లేకపోతే పువ్వు లేదు. పూసినా అందులో మకరందం ఊరదు. మేత తగ్గితే రాణి ఈగ గుడ్లు పెట్టడం తగ్గిస్తుంది. పనిచేసే ఈగ ఆయుర్దాయం పని రోజుల్లో ఆరు వారాలే గనుక, కొత్తవి పుట్టకపోతే గూడు ఇట్టే ఖాళీ అవుతుంది. ఆ ఏడాది అక్కడి ప్రభుత్వం తేనె రైతుల సహాయానికి 13 కోట్ల దిర్హములు కేటాయించింది.

ఈగల కంటె ముందే మనుషులూ ఊరు విడవసాగారు. ఒకప్పుడు 80 కుటుంబాలు అక్కడ ఈగలను పెంచేవి. 2022 నాటికి మిగిలినవి 20.

వానలు కురిస్తే పువ్వులు మళ్లీ పూయవచ్చు. ఈగలూ మళ్లీ రావచ్చు. కాని మట్టి కట్టడం మాటిమాటికీ అలికే చేయి ఉంటేనే నిలుస్తుంది. రెల్లు గూడు అల్లే పని తాత దగ్గర మనుమడు కూర్చుని నేర్చుకోవలసినదే. వరుసగా నాలుగేళ్లు కరువు వచ్చి మనుమడు పట్నం బస్సెక్కితే, తర్వాత ఎంత మంచి వాన కురిసినా, వచ్చిన ఈగకు గూడు కట్టిపెట్టే వారెవరు?