ధ్యేయవాక్యాలు: మూలసందర్భం – వర్తమాన వినియోగం

వ్యాససంగ్రహం:
ఒక సంస్థ తన లక్ష్యాన్ని క్లుప్తంగా ప్రకటించుకునే వాక్యమే ధ్యేయవాక్యం. భారతీయ సంస్థలు అనేకం తమ ధ్యేయవాక్యాలను ఉపనిషత్తులనుంచి, భగవద్గీతనుంచి స్వీకరించాయి. మూలంనుంచి వేరుపడిన పదబంధంలో వక్త, భావం, అన్వయం ఎలా మారతాయో మూడు ఉదాహరణలద్వారా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ధ్యేయవాక్యం, సందర్భం, అన్వయం, ద్వివచనం, యోగక్షేమం.

1. ఉపోద్ఘాతం:
సామెత లోకానుభవాన్ని చెబుతుంది. నినాదం ఒక అవసరంలో పుట్టి, అది తీరగానే వెనుకబడుతుంది. ధ్యేయవాక్యం ఈ రెండింటికీ భిన్నం. ముద్రికపై, ప్రవేశద్వారంపై, పట్టాపై నిలిచి అది సంస్థ ఆచరణకు కొలమానమవుతుంది. 1950 జనవరి 26న రాజ్యచిహ్నంతోపాటు స్వీకరించిన ‘సత్యమేవ జయతే’ ముండకోపనిషత్తులోనిది. ఇలాంటి వాక్యాలను నిత్యం చూసేవారు ఎందరున్నా, అన్వయించి చదివేవారు తక్కువ.

2. వక్త మారడం:
1956లో ఏర్పడిన భారతీయ జీవిత బీమా సంస్థ ధ్యేయవాక్యం ‘యోగక్షేమం వహామ్యహమ్’. ఇది గీత 9వ అధ్యాయం 22వ శ్లోకంలోనిది. యోగక్షేమాలు అనగానే తెలుగువారికి కుశలప్రశ్న స్ఫురిస్తుంది. శంకరభాష్యం ప్రకారం లేనిదాన్ని పొందడం యోగం, పొందినదాన్ని రక్షించుకోవడం క్షేమం. బీమాకు ఈ అర్థం చక్కగా సరిపోతుంది. అయితే మూలంలో ‘అహమ్’ అన్నది శ్రీకృష్ణుడు; చిహ్నంపై అంటున్నది సంస్థ. మూలంలో ఆ అభయం అనన్యచింతనతో ఉపాసించేవారికి, ఇక్కడ పాలసీదారులకు. భగవంతుని వాగ్దానం ఇక్కడ సంస్థ బాధ్యతగా పరిణమించింది.

3. భావం మారడం:
భారత వాయుసేన ధ్యేయవాక్యం ‘నభః స్పృశం దీప్తమ్’ గీత 11వ అధ్యాయం 24వ శ్లోకంలోనిది. ఆకాశాన్ని తాకుతూ ప్రజ్వలించే విశ్వరూపానికి ఇవి విశేషణాలు. రెండూ ద్వితీయావిభక్తిలో ఉన్నాయి. ఆ రూపాన్ని చూసి తన అంతరాత్మ కలత చెందిందనీ, ధైర్యమూ శాంతీ కలగడం లేదనీ అర్జునుడు చెప్పుకోవడం అక్కడి సందర్భం. విశేష్యమూ క్రియా మూలంలోనే ఉండిపోగా, విశేషణాలు మాత్రమే చిహ్నంపైకి వచ్చాయి. చూసేవాని భయం తొలగి, చూడబడేదాని తేజస్సు మిగిలింది.

4. అన్వయం మరుగుపడడం:
1926లో ఏర్పడిన ఆంధ్రవిశ్వవిద్యాలయం ‘తేజస్వి నావధీతమస్తు’ అనే ఉపనిషత్ శాంతిపాఠభాగాన్ని స్వీకరించింది. కలిపి చదివితే ‘తేజస్వినా’ అని తృతీయావిభక్తిగా పొరపడే అవకాశం ఉంది. సరైన పదవిభాగం తేజస్వి, నౌ, అధీతమ్, అస్తు. ‘నౌ’ ద్వివచనరూపం, గురుశిష్యులిద్దరినీ సూచిస్తుంది. ‘మన ఇద్దరి అధ్యయనం తేజోవంతమగుగాక’ అని దీని భావం. తెలుగులో ద్వివచనం లేనందున ‘ఇద్దరి’ అనే మాటను చేర్చకపోతే అనువాదంలో గురువు కనుమరుగై, వాక్యం విద్యార్థులకిచ్చే ఆశీస్సుగా మిగిలిపోతుంది. నిజానికి అధ్యయనం సాగించవలసినవారిలో అధ్యాపకుడూ ఉన్నాడు.

5. ముగింపు:
సందర్భం మారడం దోషం కాదు. ధ్యేయవాక్యం పుట్టేదే అలా. అయితే ఆ మాట ఎవరిది, ఎవరితో అన్నది, తెచ్చుకున్నప్పుడు ఏది విడిచిపెట్టారు అనే మూడు ప్రశ్నలు వేసుకుంటేనే అది అలంకారస్థాయిని దాటుతుంది. విద్యాసంస్థలలో తొలిపాఠంగా ఆ సంస్థ ధ్యేయవాక్యాన్నే పదవిభాగంతో బోధించడం ఇందుకు తగిన ఆరంభం. అందులోని ‘నౌ’ వంటి ఒక్క చిన్న పదం బోధించేవారి బాధ్యతను కూడా గుర్తుచేయగలదు.