వైద్యవిద్యకు వయసు అడ్డమా?

గత మాసమున మా విద్యార్థి తల్లి యొకరు, కుమారునికై వైద్యవిద్యా ప్రవేశ నియమములు తెలిసికొనుచు, "మాస్టారూ, నాకు 36 నిండినవి. నేను వ్రాయకూడదా?" అని యడిగిరి. ఆమె నర్సు.

వ్రాయవచ్చును. ఒకప్పుడు గరిష్ఠ వయసు 25 ఏండ్లు, రిజర్వేషను వర్గములకు 30. 2022లో జాతీయ వైద్య కమిషను ఆ హద్దును తొలగించినది. హద్దు సుప్రీంకోర్టు విచారణలో నుండగనే, 2020లో, మన యొడిశాలోని విశ్రాంత బ్యాంకు ఉద్యోగి యొకరు 64వ యేట నీట్ గెలిచి బుర్లా వైద్య కళాశాలలో చేరిరి. ప్లస్ టూలో భౌతిక, రసాయన, జీవశాస్త్రములును ఇంగ్లీషును చదివి ఉత్తీర్ణులై యుండవలెను. ఆమె ఉత్తీర్ణురాలే.

మనవారికి అసలు చిక్కు వేఱొకటి గలదు. నీట్ ప్రశ్నపత్రము తెలుగునను ఇత్తురు. కాని ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేంద్రములందు మాత్రమే. ఒడిశాలో వ్రాయు తెలుగు పిల్లలు వేఱొక భాషను ఎన్నుకొనక తప్పదు. అనువాదమున సందేహము వచ్చినచో ఇంగ్లీషు ప్రతియే ప్రమాణము. ఇది న్యాయమని మేమనము. అయినను కిరణజన్య సంయోగక్రియతోపాటు ఫోటోసింథసిస్ అను మాటయు ఇప్పటినుండియే నేర్చుకొనుడు.

చదువు నాలుగున్నరేండ్లు, ఆపై ఇంటర్న్‌షిప్ ఒక యేడు. అన్నాళ్లు జీతము మానుకొనుట సంసారికి తేలిక గాదని ఆమెతో స్పష్టముగా చెప్పితిమి.

"అమ్మ నా జీవశాస్త్ర పుస్తకము ఇచ్చుట లేదు" అని మఱునాడు కుమారుడు మాతో మొఱపెట్టుకొనెను.