గజపతుల రాకకు ముందు గౌతమీ తీరం: కావ్యం, శాసనం

క్రీ.శ. 15వ శతాబ్ది మధ్యలో రాజమహేంద్రవర రెడ్డిరాజ్యం గజపతుల వశమైంది. ఆ మార్పుకు ముందరి సమాజానికి శ్రీనాథుని కృతిభర్తలే తొలి ఆధారం. కాశీఖండం రాజైన వీరభద్రారెడ్డికి, భీమేశ్వరపురాణం మంత్రియైన బెండపూడి అన్నయకు, హరవిలాసం వర్తకుడు అవచి తిప్పయసెట్టికి అంకితం. అధికారం, పాలన, సముద్రవ్యాపారం మూడూ కవిని పోషించాయి.

అయితే ఈ చిత్రం అసంపూర్ణం. ఐ.పోలవరానికి గౌతమి ఆవలనున్న ద్రాక్షారామంలో అంతకు పూర్వపు చాళుక్య-చోళ శాసనాలు మరో వ్యవస్థను చూపుతాయి. దాత గొర్రెలను ఆలయానికిస్తే, వాటిని పుచ్చుకొన్న బోయలు అఖండదీపానికి నెయ్యి కొలిచేవారు. ట్యూడర్లకు ముందరి ఇంగ్లండులో మఠాల గొర్రెలు ఉన్నిగా సంతకెళ్ళాయి. ఇక్కడివి దీపమై వెలిగాయి. కావ్యపీఠికకెక్కని ఆ బోయల పేర్లు శాసనశిలలపై నిలిచాయి.