ప్రశ్నపత్రం ఎవరి వంతు? బ్రిటన్ పబ్ క్విజ్ లీగుల్లో ఒక వారం

క్విజ్ అనగానే మన ఇళ్లలో గుర్తొచ్చేవి రెండు. ఒకటి టీవీలో హాట్ సీటు. రెండోది విజిలెన్స్ అవేర్‌నెస్ వారంలోనో, హిందీ దివస్‌కో ఆఫీసులో పెట్టే పోటీ. బ్రిటన్‌లో మరో రకం ఉంది. క్రికెట్ లీగులో లాగే జట్లు, సొంత మైదానం, ఎదుటివారి మైదానం, పాయింట్ల పట్టిక, సీజన్ చివర కప్పు అన్నీ ఉంటాయి. ఆడేది మాత్రం జనరల్ నాలెడ్జి. మైదానం పేటలోని పబ్బు. చలి మొదలయ్యే రోజుల్లో ఆరంభమై వేసవి దగ్గరపడే దాకా వారానికో రాత్రి చొప్పున ఈ ఆట సాగుతుంది.

పబ్బు అంటే మన నగరాల్లోని డీజే మోతను ఊహించుకోవద్దు. అక్కడి పేట పబ్బు మన రచ్చబండకీ టీ కొట్టుకీ మధ్యరకం. పెద్దవాళ్లు, దంపతులు, పక్కింటివాళ్లు వచ్చి కూర్చుంటారు. సోడా తాగుతూ కూర్చున్నా ఎవరూ వింతగా చూడరు.

పబ్ క్విజ్ వేరు, పబ్ క్విజ్ లీగ్ వేరు. మొదటిది ఆ రాత్రి వచ్చినవాళ్లంతా బల్లకో జట్టుగా కూర్చుని కాగితం మీద జవాబులు రాసే ఆట. అది ఇంతగా పాకడానికి కారణం వ్యాపారం. 1970లలో షారన్ బర్న్స్, టామ్ పోర్టర్ అనే ఇద్దరు, జనం రాని రాత్రుల్లో పబ్బులు నింపడానికి క్విజ్‌లు పెట్టించడం మొదలుపెట్టారు. లీగ్ సంగతి అలా కాదు. దాన్ని నడిపేది ఆడేవాళ్లే. జీతం తీసుకునేవారు ఎవరూ ఉండరు. పబ్బు యజమాని ఇచ్చేది ఒక గది, విరామంలో కొన్ని శాండ్‌విచ్‌లు, అంతే. శాండ్‌విచ్‌లు బాగుండే పబ్బుకు వెళ్లే వారం కోసం ఎదురుచూసే జట్లూ ఉంటాయట. మ్యాచ్ ఓడినా పొట్ట నిండుతుంది మరి.

నియమాలు లీగును బట్టి మారతాయి. ఎక్కువగా కనిపించే నమూనా ఇది. జట్టుకు నలుగురు. ఎనిమిది రౌండ్లు, రౌండ్‌కు ఎనిమిది ప్రశ్నలు. అంటే ప్రతి మనిషికీ ప్రతి రౌండ్‌లో తన పేరు మీద ఒక ప్రశ్న వస్తుంది. ఒంటరిగా సరైన జవాబు చెబితే 2 పాయింట్లు. తెలియక జట్టును సంప్రదించి చెబితే 1. జట్టూ తప్పితే ప్రశ్న ఎదుటివారికి పోతుంది, వాళ్లు చెబితే వాళ్లకు 1.

ఆట ప్రాణమంతా ఆ ‘సంప్రదించనా, వద్దా’ అన్న రెండు క్షణాల్లో ఉంది. ఎంబీఏ చదివిన పాపానికి లెక్క వేసి చూశాను. ఒక ఆటగాడు పదిసార్లు ఒంటరిగా చెప్పి ఆరుసార్లు నెగ్గాడనుకుందాం. 12 పాయింట్లు. పదిసార్లూ సంప్రదించి పదీ సరిగ్గా చెప్పినా వచ్చేది 10. కాబట్టి ఒంటరిగా చెప్పడమే లాభం అనిపిస్తుంది. కానీ తప్పిన నాలుగూ ఎదుటివారు చెప్పేస్తే నికరంగా మిగిలేది 8. అంటే ఎదుటి జట్టు ఎంత గట్టిదో చూసుకుని మన ధైర్యం ఎంతో నిర్ణయించుకోవాలి. ఎనిమిది మందిలో అందరికంటే ఎక్కువ చదివినవాడు ఈ లెక్క తెలియక జట్టును ముంచడం చిత్రమేమీ కాదు.

అసలు కష్టం ఆడటంలో లేదు, ప్రశ్నలు తయారు చేయడంలో ఉంది. చాలా లీగుల్లో ఆ పని జట్లే వంతులవారీగా చేస్తాయి. ఈ వారం వంతు వచ్చిన జట్టు ఆడదు, పత్రం తయారుచేస్తుంది. ఆ రాత్రి అన్ని పబ్బుల్లోనూ అదే పత్రం. ప్రశ్నలు బయటికి పొక్కకూడదు కాబట్టి అన్ని మ్యాచ్‌లూ ఒకే సమయానికి మొదలవుతాయి.

మొదటి తలనొప్పి జతలు. ఒక జట్టుకు ఒక ప్రశ్న వెళితే, వెంటనే ఎదుటి జట్టుకు వెళ్లే ప్రశ్న అంతే బరువుగా ఉండాలి. మన ఉదాహరణే తీసుకుందాం. ‘ఆంధ్రా బ్యాంకు స్థాపకులు ఎవరు?’ అని ఒకరిని, ‘కెనరా బ్యాంకు స్థాపకులు ఎవరు?’ అని ఇంకొకరిని అడిగారనుకోండి. చూడటానికి కవలలే. కానీ మచిలీపట్నంలో మొదటి ప్రశ్నకు పిల్లలు కూడా భోగరాజు పట్టాభి సీతారామయ్య అంటారు, రెండోదానికి పెద్దలూ తడబడతారు. మంగళూరులో దీన్నే తిప్పి చదువుకోండి. అక్కడ అమ్మెంబళ్ సుబ్బారావు పాయ్ పేరు ఇంటింటి పేరు. ప్రశ్న కష్టం ప్రశ్నలో ఉండదు, వినేవాడి ఊర్లో, వయసులో ఉంటుంది.

రెండోది, జవాబులు పాతబడటం. కజకిస్తాన్ రాజధాని అస్తానా 2019లో నూర్‌సుల్తాన్ అయింది, 2022లో మళ్లీ అస్తానా అయింది. ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు 2022 ఏప్రిల్ 4న 13 నుంచి 26 అయ్యాయి. మూడు నెలల ముందు రాసి దాచుకున్న ప్రశ్న ఆట రోజుకు తప్పు కావచ్చు. ఆ రాత్రికి క్విజ్ మాస్టర్ మాటే ఖాయం. కోపం ఆగనివాళ్లు తర్వాత లీగ్ సెక్రటరీకి ఫిర్యాదు రాసుకుంటారు.

అందుకే జాగ్రత్త గల లీగులు పత్రాన్ని ఇంకొకరి చేత చదివిస్తాయి. బ్యాంకు కుటుంబాలకు దీన్ని విడమర్చి చెప్పనక్కర్లేదు, మన మేకర్-చెకర్ పద్ధతే. ఒకరు ఎంట్రీ వేస్తారు, ఇంకొకరు సరిచూసి పాస్ చేస్తారు. చెకర్ చూసేది తప్పొప్పులు మాత్రమే కాదు. అరవై దాటినవాళ్ల జట్టు పత్రం వేస్తే అందులో పాత పాటలు, పాత ఫుట్‌బాల్ నిండిపోతాయి. కుర్రవాళ్ల జట్టు వేస్తే పెద్దలు మొహాలు చూసుకుంటారు. వరసగా నాలుగు వారాలు ఇలా జరిగితే కొత్త జట్లు మానేస్తాయి, లీగ్ ముసలిదవుతుంది. నా ఉద్దేశంలో ఒక లీగ్ నిలబడేదీ కూలేదీ ఇక్కడే. ఆటగాళ్ల జ్ఞానం దాని తర్వాతి మాట.

ఆ జ్ఞానం ఎక్కడెక్కడ దాగి ఉంటుందో చెప్పడానికి బీబీసీ ‘మాస్టర్‌మైండ్’ విజేతల్లో ఇద్దరు చాలు. 1980 విజేత ఫ్రెడ్ హౌస్‌గో లండన్ టాక్సీ డ్రైవరు. 1983 విజేత క్రిస్టఫర్ హ్యూస్ లండన్ భూగర్భ రైలు డ్రైవరు. డిగ్రీలు చూసి జట్టు కట్టేవాడికి ఇలాంటివారు దొరకరు.

లీగులకు గండాలూ లేకపోలేదు. ఫోను జేబులోకి వచ్చాక ఆట పూర్తిగా నమ్మకం మీదే ఆధారపడింది. పబ్బులు మూతపడితే జట్టుకు ఇల్లు పోయినట్టే. 2020 మార్చి 20న కోవిడ్ వల్ల దేశమంతా పబ్బులు మూశారు. ఒకప్పుడు పబ్బు నడిపిన జే ఫ్లిన్ తన పాత మిత్రుల కోసం ఆన్‌లైన్‌లో క్విజ్ పెడితే లక్షకు పైగా ఇళ్లు చేరాయి. జనానికి ప్రశ్నలకంటే ఆ వారపు కలయిక కావాల్సి వచ్చిందని నాకనిపిస్తుంది.

మన దేశంలో క్విజ్ పుట్టుక వేరే చోట. 1967లో కలకత్తాలో ఒక చర్చి హాలులో నీల్ ఓబ్రియన్ నడిపిన పోటీతో మొదలైందంటారు. మన హైదరాబాద్‌లో కె-సర్కిల్ 1972లోనే పుట్టింది, బెంగళూరులో కర్ణాటక క్విజ్ అసోసియేషన్ 1983లో. ఇక్కడ ప్రశ్న ఒక జట్టు నుంచి పక్క జట్టుకు దొర్లుతూ పోతుంది, జట్టంతా కలిసి ఆలోచిస్తుంది, ఆధారాలు పట్టుకుని జవాబు రాబట్టడమే గొప్ప. ఎవరి కుర్చీకి వారి ప్రశ్న అన్న పద్ధతి మనకు అంతగా అలవాటు లేదు. దానితో ఒక లాభం ఉంది. మాట్లాడని మనిషికి కూడా రాత్రికి ఎనిమిదిసార్లు వంతు వస్తుంది.

ఒకే పట్టణంలో అయిదు శాఖలుంటే దీన్ని మనమూ నడపవచ్చు, పబ్బు అవసరం లేదు. అయిదు జట్లు అందరితో అందరూ ఒకసారి ఆడితే పది మ్యాచ్‌లు, అయిదు వారాలు. వారానికి రెండు మ్యాచ్‌లు జరుగుతాయి, ఒక జట్టు ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ జట్టే ఆ వారం పత్రం వేస్తుంది. నలుగురిలో ఒకరు ఉద్యోగి కాకుండా ఇంట్లోవాళ్లు ఉండాలని నియమం పెడితే ఇంకా మంచిది. చిక్కు చెకర్‌తోనే. ఆడే జట్టువాళ్లు పత్రం చూడకూడదు కదా. దానికి రిటైరైన సీనియర్లు ఉన్నారు. వారిలో ఒకాయన్ని శనివారం సాయంత్రం పిలిచి, టీ, మిరపకాయ బజ్జీలు ముందు పెట్టి, అరవై నాలుగు ప్రశ్నలూ చేతికిస్తే చాలు.