బాలింత ఒళ్ళు తగ్గాలి, బిడ్డకు పాలు తగ్గకూడదు

"కాన్పయి మూడు నెలలైంది, ఇంకా ఒళ్ళు తగ్గలేదేమిటి?" శ్రీకాకుళం, ఘంటసాల, అవనిగడ్డ వైపు నుంచి మా దగ్గరకు వచ్చే బాలింతలు చాలామంది అడిగే ప్రశ్న ఇది. తగ్గాలనుకోవడం తప్పు కాదు. తొందరపడితేనే ప్రమాదం.

ఒకసారి 14 వారాల టీకాకు ఒక బిడ్డను తెచ్చారు. నాలుగు వారాల్లో కనీసం అరకిలో అయినా పెరగాల్సిన బిడ్డ 200 గ్రాములే పెరిగాడు. తల్లిని విడిగా కూర్చోబెట్టి అడిగితే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "బాగా ఒళ్ళు చేశావు" అని చుట్టాలు అనడంతో ఆమె రోజుకు ఒక్కపూటే తింటోంది. నీరసం వచ్చి, రాత్రిళ్ళు పాలివ్వడం మానేసింది. మూడు పూటలా తిండి, రాత్రీ పగలూ పాలు మళ్ళీ మొదలుపెట్టించాము. తర్వాతి నెలకు బిడ్డ బాగా తేరుకున్నాడు.

ఆ బరువు ఎక్కడిది?

బిడ్డ, మాయ, ఉమ్మనీరు కలిపి సుమారు 5 కిలోలు కాన్పు రోజునే పోతాయి. ఒంట్లో చేరిన నీరు తర్వాతి వారాల్లో చెమట, మూత్రం ద్వారా పోతుంది. మిగిలేది కొవ్వు. అందులో కొంత పాల తయారీ కోసం శరీరం దాచుకున్న నిల్వే. మొదటి ఆరు నెలలు పాలిచ్చే తల్లికి రోజుకు 600 క్యాలరీలు అదనంగా కావాలని భారత వైద్య పరిశోధన మండలి చెబుతోంది. అంత శక్తి పాలకు ఖర్చవుతుంది కాబట్టే, సరిగా తింటూ పాలిచ్చే తల్లి నెమ్మదిగా తగ్గుతుంది.

ఎప్పుడు, ఎంత?

మొదటి రెండు నెలలు బరువు సంగతి తలపెట్టకండి. పాలు బాగా పడి, బిడ్డ బరువు పెరుగుతున్నాక మొదలుపెట్టవచ్చు. వారానికి అరకిలో, అంటే నెలకు 2 కిలోలు మించకూడదు. ముందే బక్కగా ఉన్న తల్లి, రక్తం తక్కువగా ఉన్న తల్లి తగ్గే ప్రయత్నం చేయకూడదు.

ఏం తినాలి?

మన డెల్టాలో మూడు పూటలా అన్నమే ఎక్కువ. తగ్గించాల్సింది పూటను కాదు, రెండోసారి వడ్డించే అన్నాన్ని. ఆ చోట పప్పు, తోటకూర, మునగాకు, గుడ్డు, చేప పెట్టండి. వేపుళ్ళు, మిఠాయిలు, కూల్ డ్రింకులు, రోజూ సున్నుండలు తగ్గించండి. మజ్జిగ, పండ్లు మంచివి. నీళ్ళు తాగితే పొట్ట వస్తుందన్నది అపోహ. దాహం వేసినప్పుడల్లా తాగనివ్వండి. ఐరన్, కాల్షియం మాత్రలు కాన్పు తర్వాత ఆరు నెలలు తప్పక వాడాలి.

మామూలు కాన్పయితే కొద్దిరోజుల్లోనే ఇంటి ముందు నెమ్మదిగా నడవవచ్చు. ఆపరేషన్ అయితే డాక్టరుగారిని అడిగి, ఆరు వారాల తర్వాతే వ్యాయామం చేయాలి. నడుముకు గుడ్డ కట్టుకుంటే ఆసరాగా ఉంటుంది గాని కొవ్వు కరగదు.

ఇవి వద్దు

బరువు తగ్గించే మాత్రలు, పొడులు, విరేచనాల మందులు వాడకండి. వాటిలో ఏముందో తెలియదు, పాల ద్వారా బిడ్డకు చేరవచ్చు. ఉపవాసాలు వద్దు. తిండి బాగా తగ్గిస్తే ముందు తల్లి ఒంట్లోని నిల్వలు కరుగుతాయి, తర్వాత పాలు తగ్గుతాయి.

ఎప్పుడు చూపించాలి?

బిడ్డ రోజుకు ఆరుసార్లకన్నా తక్కువ మూత్రం పోసినా, బరువు పెరగకపోయినా వెంటనే తీసుకురండి. తల్లి బాగా తింటున్నా చిక్కిపోతుంటే, గుండె దడ ఉంటే, లేదా ఎంత జాగ్రత్తపడినా బరువు పెరుగుతూ నీరసంగా ఉంటే థైరాయిడ్ పరీక్ష అవసరం కావచ్చు. గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చినవారు కాన్పయిన ఆరు వారాలకు మళ్ళీ పరీక్ష చేయించుకోవాలి.

అత్తగార్లకు, అమ్మలకు, భర్తలకు ఒక మనవి. బాలింతను లావైందని ఎగతాళి చేయకండి. ఆమె కంచంలోకి కూర, పప్పు సరిగా వచ్చాయో లేదో చూడండి. సాయంత్రం అరగంట బిడ్డను మీరు ఎత్తుకుని, ఆమెను నడవనివ్వండి. తొమ్మిది నెలల్లో వచ్చిన బరువు తగ్గడానికి కనీసం తొమ్మిది నెలలు ఇవ్వండి.