ఆడలేదు... అయినా ఆటంతా ఆయన గొంతులోనే!

మొన్న సంక్రాంతికి మా ఎల్లారెడ్డి పోయినప్పుడు, మా పోరగాళ్లు పెట్టిన క్రికెట్ టోర్నమెంట్‌లో మైక్ నా చేతికొచ్చింది. యూట్యూబ్ లైవ్ కూడా పెట్టారు. రెండో ఓవర్లో ఒకడు అడ్డంగా బ్యాట్ ఊపి ఔటయ్యాడు. ఆ బంతికి ఆ షాట్ అవసరమా అన్నాను. బౌండరీ దగ్గర్నుంచి ఒక గొంతు లేచింది. "అన్నా, ఇంతకూ నువ్వెప్పుడన్న ఆడినవా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ హైదరాబాద్ బస్సెక్కినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అప్పుడే గుర్తొచ్చారు హర్ష భోగ్లే. దేశమంతా చూస్తుండగా ఇదే ప్రశ్న ఎదుర్కొన్న మన హైదరాబాదీ.

కెమికల్ ఇంజినీర్ చేతికి మైక్

హర్ష 1961 జులై 19న హైదరాబాద్‌లో ఒక మరాఠీ కుటుంబంలో పుట్టారు. అమ్మానాన్నలిద్దరూ ప్రొఫెసర్లే. చదువు హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో, తర్వాత ఉస్మానియాలో కెమికల్ ఇంజినీరింగ్. అసలు క్రికెట్టే ఆడలేదా అంటే ఆడారు. హైదరాబాద్ లీగ్‌లో ఆడారు, యూనివర్సిటీ తరఫున ఆడారు. అక్కడితో ఆగిపోయింది.

కానీ మైక్ మాత్రం ఆగలేదు. 19 ఏళ్లకే ఆలిండియా రేడియోలో కామెంటరీ మొదలుపెట్టారు. బీటెక్ అయ్యాక అహ్మదాబాద్ ఐఐఎంలో చేరి 1985లో బయటికొచ్చారు. తర్వాత యాడ్ ఏజెన్సీలో ఉద్యోగం. మన ఇళ్లల్లో అయితే "ఇంక సెటిలైండు" అని లడ్డూలు పంచేవాళ్లు. ఆయన మాత్రం ఉద్యోగం చేస్తూనే మైక్ వైపు చూస్తూ ఉన్నారు.

ఆస్ట్రేలియా పిలుపు

1991-92లో భారత జట్టు ఆస్ట్రేలియా టూర్‌కి వెళ్లింది. కెప్టెన్ మన అజారుద్దీన్. ఆ సిరీస్‌కి కామెంటరీ చెప్పమని ఆస్ట్రేలియా బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్ హర్షను పిలిచింది. వాళ్లు అలా పిలిచిన మొదటి భారతీయ కామెంటేటర్ ఆయనే. సిరీస్ 4-0తో పోయింది. కానీ 18 ఏళ్ల సచిన్ సిడ్నీలో 148 నాటౌట్, పెర్త్‌లో 114 కొట్టింది అప్పుడే. 1994లో హర్ష అజారుద్దీన్ జీవితకథ కూడా రాశారు.

ఇంతలో ఊరూరికీ కేబుల్ వచ్చింది. 1995 నుంచి ఆయన ఈఎస్‌పీఎన్‌లో కనిపించడం మొదలైంది. రేడియోలో వినేవాడికి ఏమీ కనపడదు కాబట్టి ఫీల్డింగ్ దగ్గర్నుంచి మబ్బుల దాకా అన్నీ మాటల్లోనే చూపించాలి. టీవీలో బొమ్మ ఉంది కదా, అది చెప్పనిది మాత్రమే మనం చెప్పాలి. ఇక ప్రెజెంటర్ పని ఇంకా కష్టం. చెవిలో ప్రొడ్యూసర్ సెకన్లు లెక్కపెడుతుంటాడు, పక్కన మాజీ ఆటగాడు కూర్చుని ఉంటాడు. తనకు తెలిసింది చూపించుకోకుండా ఆయనతో అసలు విషయం చెప్పించాలి. మంచి ప్రశ్న పడితే జవాబు దానంతటదే వస్తుంది. హర్ష బలం అదే. 2008లో క్రిక్‌ఇన్ఫో పాఠకులు తమకు ఇష్టమైన టీవీ కామెంటేటర్‌గా ఓటేసింది ఒక్క టెస్టు కూడా ఆడని ఈయనకే.

రెండు దెబ్బలు

2016 ఐపీఎల్ మొదలవడానికి కాస్త ముందు ఆయన్ని కామెంటరీ టీమ్ నుంచి తీసేశారు. ఎందుకో ఎవరూ చెప్పలేదని, తనకు మాత్రం ఆ కారణం తెలియదని ఆయనే సోషల్ మీడియాలో రాశారు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకి ఈ నొప్పి బాగా తెలుసు. నిన్నటిదాకా నీదే అనుకున్న ప్రాజెక్టుకి పొద్దున్నే లాగిన్ పనిచేయదు, కారణం చెప్పేవాడుండడు. ఆయన ఎవర్నీ తిట్టలేదు. పని చేస్తూ పోయారు, మళ్లీ బాక్స్‌లోకి వచ్చారు.

రెండోది 2019 నవంబర్‌లో, కోల్‌కతాలో. మన దేశంలో మొదటి డే-నైట్ టెస్టు అది. బంగ్లాదేశ్ బ్యాటర్ల హెల్మెట్లకు బంతులు తగులుతున్నాయి. పింక్ బాల్ సరిగ్గా కనిపిస్తోందా లేదా అని ఆటగాళ్లనే అడగాలన్నారు హర్ష. పక్కనున్న సంజయ్ మంజ్రేకర్, ఆడినవాళ్లకు అది తెలుస్తుంది, అడగాల్సింది నువ్వే అన్నట్టు మాట్లాడారు. లైవ్‌లోనే! హర్ష గొంతు పెంచలేదు. ఆడిన అనుభవం నేర్చుకోవడానికి హద్దు కాకూడదని మాత్రం చెప్పారు. తర్వాత తాను అలా అనాల్సింది కాదని మంజ్రేకరే ఒప్పుకున్నారు.

గమనించండి, అక్కడ హర్ష తనకు తెలుసు అనలేదు. అడుగుదాం అన్నారు.

మళ్లీ ఎల్లారెడ్డి

2018 చివర్లో తెలుగులో ప్రత్యేకంగా స్పోర్ట్స్ ఛానల్ వచ్చింది. ఇప్పుడు ఐపీఎల్ మన భాషలోనే వింటున్నాం. మన ఊళ్లలో మైక్ పట్టుకున్న పోరగాళ్లకు ఇది కొత్త దారి. అందరికీ ఛాన్స్ రాకపోవచ్చు. కానీ రంజీ ఆడలేదు కాబట్టి నోరు మూసుకోవాలనే రూల్ మాత్రం లేదు.

ఆ రోజు బౌండరీ దగ్గర్నుంచి అరిచిన తమ్ముడికి నేను జవాబు చెప్పలేదు. వచ్చే సంక్రాంతికి చెప్తా. "లేదు తమ్మీ, నేను ఆడలే. నువ్వు ఆడినవ్ కదా, ఆ బంతి ఎట్లొచ్చిందో రా, మైక్‌లో చెప్పు" అని.