ఫోటోలో గోపురం మసకబారుట ఎందుకు?

ఉగాదినాడు సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ కోవెల ముందు పాపను నిలబెట్టి, ఫోటో తీసి, స్వదేశంలోని అమ్మమ్మకు పంపే తెలుగు కుటుంబాలు సింగపూరులో ఎన్నో ఉన్నాయి. పెద్ద కెమేరాతో తీస్తే వెనుకనున్న గోపురం రంగుల మసకగా మారుతుంది. చేతిఫోనుతో తీస్తే గోపురం గోపురంగానే కనబడుతుంది. ఫోను సెన్సరు చిన్నది కనుక ఇట్లా జరుగుతుందని అంటారు. ఆ మాటలో సగమే నిజమున్నది.

ఒక బిందువు నుండి బయలుదేరిన కాంతి కటకమంతటా పడి, శంకువు ఆకారంలో కూడుకొని, సెన్సరుపై తిరిగి బిందువవుతుంది. వస్తువు దూరం మారితే శంకువు మొన సెన్సరుకు ముందో వెనుకో పడుతుంది. బిందువుకు బదులు చిన్న బిళ్ల ఏర్పడుతుంది. ఆ బిళ్ల మన కంటికి చుక్కగా తోచినంతవరకు చిత్రం స్పష్టమే. అట్లా స్పష్టంగా కనబడే దూరాల మేరనే డెప్త్ ఆఫ్ ఫీల్డ్ అంటారు. కాంతి ప్రవేశించే ద్వారం ఎంత వెడల్పైతే బిళ్ల అంత త్వరగా పెరుగుతుంది.

36 × 24 మి.మీ. సెన్సరుకు 50 మి.మీ. నాభ్యంతరం గల కటకం అమర్చామనుకొందాం. 7 × 5 మి.మీ. సెన్సరు అదే దృశ్యాన్ని పట్టడానికి సుమారు 10 మి.మీ. కటకం చాలు. రెండింటినీ ఎఫ్/2 వద్ద ఉంచితే ద్వారం మొదటిదానిలో 25 మి.మీ., రెండవదానిలో 5 మి.మీ. మాత్రమే. పాప 2 మీటర్ల దూరంలో ఉంటే, వాడుకలోనున్న ప్రమాణం ప్రకారం, పెద్ద కెమేరాలో స్పష్టత మేర 19 సెం.మీ.; చిన్నదానిలో సుమారు ఒక మీటరు! పెద్ద కెమేరాను ఎఫ్/10కు తగ్గిస్తే దాని ద్వారమూ 5 మి.మీ. అవుతుంది, ఈ తేడా మాయమవుతుంది.

ఇక మిగిలిన సగం. ఆ 50 మి.మీ. కటకాన్నే, అదే ఎఫ్/2 వద్ద, చిన్న సెన్సరు ముందుంచి అక్కడినుండే తీసి, ఫోటోను మునుపటి పరిమాణానికే పెంచండి. పాప ముఖం మాత్రమే పడుతుంది. స్పష్టత మేర 4 సెం.మీ.కు దిగిపోతుంది. బిళ్ల మారలేదు, కాని దానిని ఐదింతలు ఎక్కువగా పెద్దది చేశాము. కనుక లోతునిచ్చేది సెన్సరు కాదు, చిన్న సెన్సరుకు తగిన పొట్టి కటకపు సన్నని ద్వారం. వెండి లవణాల ఫిల్ము నాడూ ఇదే జ్యామితి. 36 × 24 కొలత 35 మి.మీ. ఫిల్ము నుండి వచ్చినదే. మా రసాయనశాస్త్రానికి ఇందులో పాత్ర లేదు!

నేటి ఫోనులలోని పోర్ట్రెయిట్ పద్ధతి దూరాలను అంచనా వేసి, లెక్కతో మసక పూస్తుంది. ఒక్కొక్కసారి చెదరిన ముంగురులు, జడలోని మల్లెలు కూడా ఆ మసకలో కలిసిపోతాయి. అమ్మమ్మ చూడగోరేది మనుమరాలినే కాదు, ఆమె పెరుగుతున్న ఊరిని కూడా. అందుచేత ఆ పద్ధతిని ఆపివేయడమే మేలని నా అభిప్రాయం. పాపకు 3 మీటర్ల దూరాన నిలిచి తీస్తే ఆ చిన్న కెమేరాలోనే స్పష్టత మేర దాదాపు 2.5 మీటర్లకు పెరుగుతుంది.